చెవి మేస్త్రి సరేనన్న బండి

పాత బండి కొనబోయేవాళ్లు ముందు రంగు చూస్తారు. తర్వాత దాని మీద ఎక్కి కూర్చుని, అద్దంలో తమ మొహం చూసుకుంటారు. బండిని చూడటమనే అసలు పని అలాగే మిగిలిపోతుంది. రైలు గేటు అవతలి వీధుల్లో ఆ పనికి ఒకే ఒక్క మనిషి ఉండేవాడు. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. అందరూ పిలిచేది చెవి మేస్త్రి అనే.

ముప్పై రెండేళ్లుగా ఆయనది మోటారు సైకిళ్ల షెడ్డు. ముందు షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు, మధ్యలో వంటింటి కిటికీ. ఎవరైనా బండి తెస్తే స్టార్ట్ చేయించి, కళ్లు మూసుకుని, మెడ పక్కకు వాల్చి వినేవాడు. "బేరింగు పోయింది" అంటే పోయినట్టే. విప్పి చూసి ఆయన మాట తప్పని నిరూపిద్దామనుకున్నవాళ్లంతా మళ్లీ బిగించుకుని వెళ్లిపోయారు. పేరు అలా వచ్చింది. వచ్చిన పేరంటే ఆయనకు ప్రాణం, కానీ పైకి మాత్రం "ఏదో జనం అంటారులెండి" అనేవాడు.

బేరానికి వెళ్లే రోజున చెప్పిన వేళకు ఎప్పుడూ వెళ్లడు. గంట ముందే వెళ్తాడు. వెళ్లగానే నమస్కారం కూడా పెట్టకుండా అరచేతి వెనక భాగాన్ని ఇంజనుకు ఆనిస్తాడు. వేడిగా ఉందంటే అమ్మేవాడు ముందే నడిపి ఉంచాడన్నమాట. చల్లటి ఇంజన్ నిజం చెబుతుంది, వేడెక్కిన ఇంజన్ మొహమాటపడుతుంది అనేది ఆయన సిద్ధాంతం. అలాంటప్పుడు గొడవేం పడడు. మంచినీళ్లు అడిగి, కుర్చీ వేయించుకుని, ఇంజన్ చల్లబడేదాకా వాళ్లింటి పేపరు చదువుకుంటూ కూర్చుంటాడు.

స్పోర్ట్స్ బండి అంటే మరీ అనుమానం. మెల్లగా నడపడానికి ఆ బండి కొన్నవాడిని ఆయన ఇంతవరకు చూడలేదు.

అలాంటి బండే కావాలని పట్టుబట్టింది టైలరమ్మ కూతురు. షెడ్డుకు నాలుగు వీధుల అవతల టైలరమ్మ దుకాణం, పైన ఇల్లు. కూతురికి ఇరవై ఏడేళ్లు, మునిసిపాలిటీ కొలనులో పిల్లలకు ఈత నేర్పుతుంది. నీళ్లలో ఎంత నిదానమో నేల మీద అంత తొందర. కాలేజీ రోజుల నుంచీ ఆ బండి మీదే మనసు. తల్లి అరిచింది, అలిగింది, రెండు రోజులు మాట్లాడటం మానేసింది. చివరికి దిగివచ్చి ఒకటే షరతు పెట్టింది.

"అన్నయ్య చూసి సరేనంటే కొనుక్కో. కాదంటే మాత్రం ఇక ఆ మాట నా దగ్గర ఎత్తకు."

అన్నయ్య అంటే చెవి మేస్త్రి. తోడబుట్టినవాడు కాదు. ఇరవై ఏళ్లుగా ఆయన ప్యాంట్లకు జిప్పులు మార్చి మార్చి కలుపుకున్న వరస.

ఒక శనివారం పొద్దున మేస్త్రి ఈత టీచరును వెంటబెట్టుకుని వెళ్లాడు. ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో, ఎర్ర బండి. అమ్మేది ఒక ఆఫీసు ఉద్యోగి. ముందుకు వంగి వంగి నడుము పట్టేసిందట, అందుకే వదిలించుకుంటున్నాడట. మేస్త్రి ఇంజను మీద చెయ్యి పెట్టాడు. చల్లగానే ఉంది. అమ్మేవాడి మీద సగం గౌరవం అక్కడే కలిగింది.

తర్వాత మోకాళ్ల మీద కూర్చున్నాడు. బ్రేకు, క్లచ్చు కడ్డీల కొసలు, హ్యాండిల్ చివర్లు, కాలు పెట్టుకునే కమ్మీల అంచులు వేలితో తడిమాడు. ఎడమవైపు గీతలున్నాయి. "నిలబెట్టి ఉండగా పడిందండీ, పక్కింటి కారు తగిలి" అన్నాడు ఉద్యోగి. నిలబడి పడిన గీత ఒకచోటే లోతుగా ఉంటుంది, పరుగులో పడిన గీత పొడుగ్గా సాగుతుంది. ఇది లోతు గీతే. హ్యాండిల్ మెడ కింద, అది ఎక్కువ తిరగకుండా ఆపే చిన్న ఇనప ముక్క ఉంటుంది. ఎదురుగా గుద్దుకున్న బండికి అది వంగిపోతుంది, లేదా దాని మీద రంగు పగులుతుంది. టార్చి వేసి చూశాడు. చెక్కు చెదరలేదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీల మీద నూనె చెమ్మ లేదు. వెనక టైరు నడుమ అరిగింది గానీ అంచుల మీద కొత్త టైరుకుండే రబ్బరు వెంట్రుకలు ఇంకా అలాగే ఉన్నాయి.

"మలుపుల్లో ఎప్పుడూ వాలలేదు ఈయన. పాపం, ఆఫీసుకే వెళ్లాడు" అన్నాడు మేస్త్రి, మెచ్చుకుంటున్నాడో వెక్కిరిస్తున్నాడో తెలియకుండా.

చక్రం తిప్పి గొలుసు ఎక్కడైనా బిగుసుకుంటోందేమో చూశాడు. కాగితాల మీది నంబర్లను ఇంజను మీది నంబరుతో, మెడ మీది నంబరుతో ఒక్కొక్క అంకే సరిచూశాడు. ప్లాస్టిక్ తొడుగుల స్క్రూల తలలు కూడా చూశాడు, ఎవరైనా విప్పి దాచిన గాయాలున్నాయేమోనని. అన్నీ అయ్యాక స్టార్ట్ చేయమన్నాడు. సైలెన్సర్ లేని వైపు కూర్చుని, కళ్లు మూసుకుని, మెడ వాల్చాడు.

చాలాసేపు విన్నాడు. కళ్లు తెరిచేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఎలా ఉంది మామయ్యా?"

"అసలు చప్పుడే లేదే అమ్మాయ్! ఇంత సాఫీ ఇంజన్ విని ఎన్నాళ్లయిందో. సరే, తీసుకో."

ఆ అమ్మాయి సెల్లారులోనే గెంతులేసింది. సాయంత్రానికి బండి టైలరమ్మ దుకాణం ముందుంది.

మంగళవారం మధ్యాహ్నం మేస్త్రి కిటికీ పక్కన బల్ల మీద కార్బురేటర్ కడుగుతున్నాడు. భార్య గుడ్లు ఉడకబెట్టడానికి చిన్న టైమర్ పెట్టి, దాన్ని కిటికీ అంచు మీద వదిలి, పెరట్లో బట్టలు ఆరేయడానికి వెళ్లింది. కాసేపటికి తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమండీ! నా మాట ఎలాగూ వినరు, దాని మాటైనా వినకూడదా? మీ చెవి పక్కనే అది ఎంతసేపటి నుంచి మొత్తుకుంటోంది!"

మేస్త్రి తలెత్తాడు. టైమర్ మీద ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది. "బ్యాటరీ అయిపోయిందేమో, మోగడం లేదుగా" అన్నాడు. ఆవిడ ఆయన్ని వింతగా చూసి, మీట నొక్కి, గుడ్లు దించడానికి వెళ్లిపోయింది. ఆయన దాన్ని మళ్లీ మోగేలా తిప్పి చెవికి ఆనించుకున్నాడు. అరచేతిలో దాని అదురు తెలుస్తోంది. చప్పుడు లేదు.

రెండేళ్లుగా ఆయన దగ్గర దీనికి బోలెడు సంజాయిషీలున్నాయి. ఈ కాలం జనం నోరు తెరవకుండా మాట్లాడతారు. ఫోన్లు మునుపటంత గట్టిగా తయారుచేయడం లేదు. షెడ్డు కప్పు మీద పిట్టలు వాలుతున్నాయి గానీ ఎందుకో అరవడం మానేశాయి. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ల పెదాలు చూసి సగం, ఊహించి సగం నెట్టుకొస్తున్నాడు. బరువైన చప్పుళ్లు బాగానే అందుతున్నాయి, పోయినవి సన్నటివి. తెలియక కాదు. ఒప్పుకుంటే చెవి మేస్త్రిలో చెవి పోయి ఉత్త మేస్త్రి మిగులుతాడని భయం.

టైమర్ చేతిలో ఉండగానే తను సెల్లారులో అన్న మాట గుర్తొచ్చింది. అసలు చప్పుడే లేదే అమ్మాయ్. ఆ జాతి ఇంజన్లకు ఎంత బాగున్నా సన్నగా టిక్కు టిక్కుమని ఒక చప్పుడుంటుంది. అది లేకపోతేనే అనుమానించాలని పదిమందికి నేర్పింది తనే. మురిసిపోయి తలూపిందీ తనే. దాని వెనక ఇంకే చప్పుడు దాక్కుందో ఆ దేవుడికే తెలియాలి.

చొక్కా గుండీ ఒకటి తనే పీకేసుకుని, కుట్టించుకునే నెపంతో టైలరమ్మ దుకాణానికి వెళ్లాడు.

"రండన్నయ్యా. ఇది విన్నారా, మా పిల్ల శుక్రవారం పొద్దున్నే స్నేహితులతో కొండల మీదికి పోతుందట, మూడు రోజులు. ఇంకొకళ్లు చూసిన బండైతే గడప దాటనిచ్చేదాన్ని కాదు. మీరు చూశారు కాబట్టి గుండె మీద చెయ్యేసుకుని పడుకుంటున్నా."

ఆవిడ మిషను సూది పైకీ కిందికీ ఆడుతోంది. ఆయనకు అందులోంచి కింద తొక్కుడు పలక దబదబ తప్ప ఏమీ వినపడలేదు. చెప్పాలనే వెళ్లాడు. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, గుండీ కుట్టించుకుని, తలదించుకుని వచ్చేశాడు.

దారి పొడుగునా అడ్డదారులు వెతికాడు. ఆయిల్ మార్చాలని చెప్పి బండి తెప్పించుకుంటే? తెప్పించుకుని ఏం విప్పాలి? ఎక్కడ నొప్పో తెలియకుండా కోత పెట్టినట్టే. ఇంకో మెకానిక్కుకు చూపించమంటే ఎందుకని అడుగుతారు. ఊరుకుంటే? కొండ మలుపులో ఇంజను పట్టేసి, వెనక చక్రం బిగుసుకుపోయి, ఆ పిల్ల... అక్కడితో ఆలోచన ఆపేసి గబగబా నడిచాడు.

సాయంత్రం భార్య ఆరిన బట్టలు మడతపెడుతోంది. మేస్త్రి ఆవిడ ఎదురుగా ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు.

"నాకు వినపడటం లేదు" అన్నాడు.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "ఏం వినపడటం లేదు?"

"సన్నటివేవీ. టైమర్ వినపడలేదు. టైలరమ్మ మిషను వినపడలేదు. ఆ పిల్ల బండి వినకుండానే సరేనన్నాను."

"ఎప్పటి నుంచి?"

"రెండేళ్లయి ఉంటుంది. ఒప్పుకోవడం మాత్రం ఇవాళే."

ఆవిడ చేతిలో తువ్వాలును ఒకసారి మడిచి, విప్పి, మళ్లీ మడిచింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. ఆ మౌనం చూసి, ఇన్నాళ్లు దాచినందుకు కోపం వచ్చిందనుకున్నాడు. బట్టలన్నీ సర్దాక ఆవిడ బీరువా తలుపు వేస్తూ, ఇటు తిరిగి, గట్టిగా అంది:

"పొద్దున్నే వెళ్దాం. ఇంజను చల్లగా ఉండాలంటారుగా. నేనూ వస్తాను."

"నువ్వెందుకు?"

"ముప్పై రెండేళ్లు మీ ఇంజన్ల పక్కన వంట చేశాను. ఏది బాగుందో ఏది బాగాలేదో పేర్లు తెలియవు గానీ, చప్పుళ్లు తెలియవనుకున్నారా?"

బుధవారం ఆరున్నరకు ఇద్దరూ టైలరమ్మ దుకాణం ముందున్నారు. ఈత టీచరు సంచీ భుజాన వేసుకుని కొలనుకు బయల్దేరబోతోంది. మేస్త్రి బండికీ ఆ పిల్లకూ మధ్య నిలబడ్డాడు.

"అమ్మాయ్, తాళం తిప్పకు. చెల్లెమ్మా, నువ్వూ విను. నా చెవులు పనిచేయడం లేదు. శనివారం నేను సరేనన్నది వినకుండా అన్నాను. కళ్లతో చూసినవన్నీ నిజం. విన్నానన్నది మాత్రం అబద్ధమే అనుకోండి."

టైలరమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. "సరేనన్నారుగా అన్నయ్యా. ఆ ఒక్క మాట పట్టుకునే కదా నేను..."

"అన్నాను. తప్పన్నాను."

ఆవిడ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కూతురే తేరుకుంది.

"మామయ్యా, మరి నేను మాట్లాడేది ఎలా వింటున్నారు?"

"నీ మూతి చూసి."

"అయ్యో, నేను హెల్మెట్ పెట్టుకుని ఎన్ని చెప్పానో!"

"వాటన్నిటికీ తలూపాను" అన్నాడు మేస్త్రి, దొంగ దొరికినట్టు. టైలరమ్మకు కూడా ఆ గాభరాలోనే నవ్వొచ్చినంత పనైంది.

స్టార్ట్ చేయించాడు. భార్య ఆయన కూర్చునే చోట, ఆయన కూర్చునే తీరులోనే గొంతుక్కూర్చుంది. కళ్లు మూసుకోలేదు, అదొక్కటే తేడా.

"సన్నగా టిక్కు టిక్కుమంటోంది. వదిన మిషను లాగే, సమంగా."

"అది ఉండాల్సిందే. ఇంకా?"

"ఇంకోటుంది. ఈ పక్కన. అది సమంగా లేదు. చెంచాల సొరుగు లాగితే గలగలమంటుందే, అట్లా."

"అమ్మాయ్, రేజ్ చెయ్యి. ఇప్పుడు?"

"తగ్గింది. ఆ, వదిలేసేసరికి మళ్లీ వచ్చింది."

మేస్త్రి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, దాని కొస ఇంజను పక్కన ఒక చోట ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కుకున్నాడు. చెవి పనిచేసే రోజుల్లో చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడానికి వాడే కిటుకు అది. సన్నటి టిక్కు ఇప్పుడూ అందలేదు గానీ ఆ గలగల అదురు మాత్రం ఎముకలోకి వచ్చింది. తడబడుతూ, కొట్టుకుంటూ. నాలుగు నిమిషాలకు ఇంజను వేడెక్కింది. "ఇప్పుడు లేదండీ, పోయింది" అంది భార్య. అదురు కూడా అప్పుడే ఆగింది.

ఇంజను ఆపించి ఆయన చాలా నెమ్మదిగా చెప్పాడు. లోపల ఒక చిన్న గొలుసు ఉంటుంది. దాన్ని బిగించి పట్టుకునే స్ప్రింగు ముక్క అలసిపోయింది. అందుకే చల్లగా ఉన్నప్పుడు గొలుసు వదులై గోడలకు కొట్టుకుంటోంది. అమ్మినవాడు మోసగాడేమీ కాదు. హెల్మెట్ తగిలించుకుని బయల్దేరే మనిషికి అది వినపడి ఉండదు. అలాగే కొండెక్కితే ఒకరోజు గొలుసు పన్ను తప్పేది. తప్పితే ఇంజను అక్కడికక్కడే పట్టేసేది.

"ఇప్పుడు?" అంది టైలరమ్మ.

"చిన్న ముక్క. ఇవాళే తెప్పిస్తాను, రేపు వేస్తాను. గొలుసూ మారుస్తాను. ఇంకేం భయం లేదు."

టైలరమ్మ దుకాణం మెట్టు మీద కూలబడి, పొడుగ్గా ఊపిరి వదిలింది. కూతురు వెళ్లి మేస్త్రి భార్యను గట్టిగా వాటేసుకుంది. మేస్త్రికి ఏం చేయాలో తోచక స్క్రూడ్రైవర్‌ను చొక్కాతో తుడుచుకున్నాడు. పేరు పోయింది, అనుకున్నాడు. పోయినా ఇంత తేలిగ్గా ఉందేమిటా అని కూడా అనుకున్నాడు. రెండేళ్లుగా నెత్తిన మోస్తున్న మూటను ఎవరో పట్టి దించినట్టుంది.

గురువారం పాత ముక్క విప్పితే స్ప్రింగులో సత్తువే లేదు. కొత్తది వేశాడు. శుక్రవారం తెల్లవారాక చల్లటి ఇంజను పక్కన భార్య మళ్లీ కూర్చుంది. ఈసారి కళ్లు కూడా మూసుకుంది. "మిషను చప్పుడొక్కటే. చెంచాలు లేవు" అంది. మేస్త్రి స్క్రూడ్రైవర్ కూడా అదే చెప్పింది. ఈత టీచరు హెల్మెట్ పెట్టుకోబోయి, ఆగి, మేస్త్రి ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదిలిస్తూ "వెళ్లొస్తాను మామయ్యా" అంది. బండి వీధి చివర మలుపు తిరిగేదాకా ముగ్గురూ చూశారు.

"అన్నయ్యా, ఇక ఎవరి బండి చూడ్డానికి వెళ్లినా వదినను తీసుకెళ్లాలి. లేదంటే వీధి వీధీ తిరిగి నేనే చెప్పేస్తాను" అంది టైలరమ్మ. కళ్లు తడిగా ఉన్నా గొంతులో పాత చనువు వచ్చేసింది.

భార్యాభర్తలు నడిచి వస్తుంటే రైలు గేటు పడింది. రైలు పోయింది. గేటు లేచేలోగా భార్య ఏదో అంది. మామూలుగా అయితే ఆయన "ఊఁ" అని తలూపేవాడు. ఈసారి ఆగి, ఆవిడ వైపు తిరిగాడు.

"ఏమన్నావు? వినపడలేదు."

ఆవిడ ఆయనకు ఎదురుగా జరిగింది.

"మీకు నా మీద విసుగు పుట్టిందనుకున్నాను" అంది.

"ఏమిటీ?"

"రెండేళ్ల నుంచి వెనక నుంచి పిలుస్తాను, పలకరు. వంటింట్లోంచి ఏదో చెబుతాను, మీరు పని చేసుకుంటూనే ఉంటారు. ఇన్నేళ్లయ్యాక ఇక నా మాటలతో పనేముందిలే అనుకున్నాను. మంగళవారం మీరు చెప్పినప్పుడు నాకు కోపం రాలేదు. నోరు పెగల్లేదు, అంతే. చెవులేనా అనిపించింది. ఉత్త చెవులేనా, దేవుడా, అని."

నవ్వుతూనే చెబుతోంది, కళ్లలోంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి. తన పేరు కాపాడుకోవడానికి దాచిన సంగతి, పక్క గదిలో ఇంకొకరికి రెండేళ్ల దిగులైందని మేస్త్రికి ఇప్పటిదాకా తట్టనే లేదు.

"గట్టిగా అరవకపోయావా?"

"విసుగొచ్చిన మనిషి దగ్గర అరుస్తారా? మాటలే తగ్గించుకున్నాను."

గేటు లేచింది. పక్కనుంచి సైకిళ్లు, ఆటోలు కదిలాయి. మేస్త్రి కదల్లేదు.

"ఆ తగ్గించుకున్నవన్నీ ఇప్పుడు చెప్పు. ఇటు తిరిగి చెప్పు."

"రెండేళ్లవి ఎక్కడని మొదలుపెట్టను? షెడ్డు తెరవాలి."

"ఇవాళ తెరవను."

ఆవిడ కళ్లు తుడుచుకుని, గుర్తు చేసుకుని మొదలుపెట్టింది. "అయితే వినండి. మొదట వంటింటి కుళాయి కారుతోందని చెప్పాను. పోయినేడు వానల్లో. రాత్రంతా టప్పు టప్పుమంటోందన్నాను."

"ఇంకా కారుతోందా?"

"కారుతూనే ఉంది. కింద గిన్నె పెట్టుకున్నాను."

"తర్వాత?" అన్నాడు మేస్త్రి, ఆవిడ మొహం మీంచి చూపు తిప్పకుండా. ఆవిడ తర్వాతది చెప్పింది, దాని తర్వాతది చెప్పింది. ఇంకో రైలుకు గేటు పడేసరికి కూడా ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు.